స్టాండప్ 40 నిమిషాలు పడుతోందా? ఎజైల్ మొదలుపెట్టిన మేనేజర్‌కి సమస్య - పరిష్కారం

పనుల లెక్క చూసుకునే జీరా సాఫ్ట్‌వేర్‌లో బోర్డు పెట్టారు, 2 వారాల స్ప్రింట్లు (పని విడతలు) మొదలయ్యాయి, రోజూ అందరూ నిలబడి మాట్లాడుతున్నారు (అదే స్టాండప్). అయినా రిలీజ్ వస్తే ఎప్పటిలాగే అర్ధరాత్రి దాకా ఆఫీసులోనే. హైదరాబాద్‌లో ఒక టీమ్‌కి ఎజైల్ (సాఫ్ట్‌వేర్‌ని చిన్న విడతల్లో కట్టి చూపించే తీరు) తెచ్చిన మొదటి ఏడాది ఈ కింది తప్పుల్లో చాలావరకు నేనూ చేశాను. అందుకే కారణాల్లో ‘మేనేజర్’ అన్న మాట ఎక్కువసార్లు కనిపిస్తుంది.

సమస్య: స్టాండప్ సాగుతూనే ఉంటుంది, అందరూ మీ వైపే చూసి మాట్లాడతారు

కారణం: అది హాజరు పట్టీ అయిపోయింది. ఒక్కొక్కరూ నిన్న ఎంత కష్టపడ్డారో మీకు చెప్పుకుంటున్నారు, పక్కవాడు చెప్పేది వినడం లేదు. అనుమానం ఉంటే చిన్న పరీక్ష: మీరు సెలవు పెట్టిన రోజు స్టాండప్ జరిగిందా? జరగలేదంటే అది టీమ్ మీటింగ్ కాదు, మీ మీటింగ్.

పరిష్కారం: మనుషుల వరసలో కాకుండా బోర్డు వరసలో వెళ్లండి. బోర్డు మీద ఒక్కో పనీ ఒక టికెట్; పూర్తికావడానికి దగ్గరగా ఉన్న టికెట్‌తో, అంటే కుడివైపు నుంచి మొదలుపెట్టి, ‘ఇది ఇవాళ బయటపడాలంటే ఏం కావాలి?’ అని అడగండి. ‘నిన్న ఏం చేశావు, ఇవాళ ఏం చేస్తావు, అడ్డం ఏమిటి’ అన్న 3 ప్రశ్నలు తప్పనిసరి అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. ఎజైల్‌లో బాగా వాడే స్క్రమ్ పద్ధతికి నియమాల పుస్తకం స్క్రమ్ గైడ్; దాని 2020 ప్రతిలో అవి లేనే లేవు. 15 నిమిషాల హద్దు మాత్రం ఉంది. చర్చ లోతుకు వెళ్తే సంబంధించిన ఇద్దరు ముగ్గురూ తర్వాత విడిగా కూర్చుంటారు. నేను రెండు వారాలు అసలు వెళ్లడమే మానేశాను. మొదటి మూడు రోజులు నాకే టెన్షన్, వాళ్లు హాయిగానే ఉన్నారు.

అమెరికా క్లయింట్ ఉంటే ఇంకో చిక్కు. న్యూయార్క్‌లో ఉదయం 10 అంటే చలికాలంలో మనకు రాత్రి 8:30, వాళ్లు గడియారం మార్చాక 7:30. ఆ కాల్‌నే స్టాండప్ అనుకుంటే రోజు పని అయిపోయాక ఇవాళ ఏం చేస్తావని అడుగుతున్నట్టు. టీమ్ స్టాండప్ పొద్దున మనవాళ్లే పెట్టుకోవాలి. క్లయింట్ కాల్ వారానికి రెండు సార్లు చాలు.

సమస్య: ప్రతి స్ప్రింట్‌లో సగం పని తర్వాతి స్ప్రింట్‌లోకి జారుతుంది

కారణం: అన్నీ మొదలుపెట్టారు, ఏదీ ముగించలేదు. బోర్డు చూస్తే తెలిసిపోతుంది. 10 పనిదినాల స్ప్రింట్‌లో 8వ రోజున టికెట్లన్నీ ‘టెస్టింగ్’ గడిలో వచ్చి పడతాయి. ఉన్న ఒక్క టెస్టర్ తల పట్టుకుంటాడు. అందరి చేతిలో పని ఉంది కదా అని మేనేజర్ మురిసిపోతుంటాడు.

పరిష్కారం: ఒకేసారి నడిచే పనుల సంఖ్యకు హద్దు పెట్టండి. దీని వెనక లిటిల్ సూత్రం ఉంది. 1961లో జాన్ లిటిల్ నిరూపించిన లెక్క ఇది. పద్ధతి నిలకడగా ఉన్నంతకాలం, చేతిలో ఉన్న పనుల్ని పూర్తవుతున్న వేగంతో భాగిస్తే ఒక్కో పనికి సగటున పట్టే కాలం వస్తుంది. వారానికి 5 టికెట్లు ముగించే టీమ్ చేతిలో 20 ఉంటే ఒక్కోదానికి 4 వారాలు. అదే వేగంతో 10 మాత్రమే పట్టుకుంటే 2 వారాలు. ఎవరూ ఎక్కువ గంటలు పనిచేయక్కర్లేదు. హద్దు నిండినప్పుడు డెవలపర్ కొత్త టికెట్ తీయకుండా టెస్టింగ్‌లో చెయ్యి వేస్తాడు. ‘టెస్టింగ్ నా పని కాదు’ అన్న మాట మొదటి వారంలో తప్పక వినిపిస్తుంది, అక్కడ మాత్రం మీరు గట్టిగా నిలబడాలి.

టికెట్లు ముక్కలు చేసే తీరూ మార్చాలి. బస్ టికెట్ల యాప్‌లో రీఫండ్ పని ఉందనుకోండి. డేటాబేస్ ఒక టికెట్, స్క్రీన్ ఇంకో టికెట్ అని విడగొడితే రెండూ అయ్యేదాకా ఎవరికీ ఉపయోగం లేదు. ‘ప్రయాణానికి ఒక రోజు ముందు రద్దు చేస్తే పూర్తి డబ్బు వాపసు’ అన్నంతవరకే మొదట చేయండి. కోతలు, కూపన్లు తర్వాత.

సమస్య: వెలాసిటీ (ఒక్కో స్ప్రింట్‌లో ముగించే పాయింట్లు) పెరుగుతోంది, కస్టమర్‌కి అందేది పెరగడం లేదు

కారణం: పని ఎంత పెద్దదో టీమ్ వేసుకునే అంచనాలే పాయింట్లు; ఎక్కడో అవి అప్రైజల్‌కి ముడిపడ్డాయి. నేను ఒకసారి రివ్యూ మీటింగ్‌లో రెండు టీమ్‌ల పాయింట్లు పక్కపక్కన చూపించాను. తర్వాతి స్ప్రింట్‌కల్లా 3 పాయింట్ల పని 5 అయింది. వాళ్ల తప్పేం లేదు.

పరిష్కారం: పాయింట్లు టీమ్ గడప దాటకూడదు. స్క్రమ్ గైడ్‌లో స్టోరీ పాయింట్ల ప్రస్తావనే లేదు. 2001 ఫిబ్రవరిలో యూటాలోని స్నోబర్డ్‌లో 17 మంది కలిసి తెచ్చిన ఎజైల్ మేనిఫెస్టోలోనూ లేదు. పనిచేసే సాఫ్ట్‌వేరే పురోగతికి ముఖ్యమైన కొలత అని మాత్రం దాని సూత్రాల్లో ఉంది. పైవాళ్లు అంకె అడిగితే, పని మొదలైన నాటి నుంచి కస్టమర్ చేతికి వెళ్లేదాకా ఎన్ని రోజులో చూపించండి.

సమస్య: రెట్రోలో (స్ప్రింట్ చివర ఏం మారాలో మాట్లాడుకునే మీటింగ్‌లో) ‘అంతా బాగానే ఉంది సార్’

కారణం: పోయినసారి చెప్పినవి అలాగే ఉండిపోయాయి. పైగా అప్రైజల్ రాసే మనిషి ఎదురుగా కూర్చున్నాడు.

పరిష్కారం: మీరు బయటికి వెళ్లండి. పేరు లేకుండా చీటీల మీద రాయమనండి. ఒక్క సమస్య ఎంచుకుని వారంలోగా తీర్చండి. మా టీమ్‌లో అది ఎప్పుడూ పడిపోయే టెస్ట్ సర్వర్. దాన్ని బాగు చేయించాకే అసలు మాటలు బయటికి వచ్చాయి.

సమస్య: స్ప్రింట్ మధ్యలో ‘అర్జెంట్’ పనులు

ఒకటి లోపలికి వస్తే అంతే పని ఉన్నది ఇంకొకటి బయటికి. ఏది పోవాలో, ఏ పని ముందో తేల్చే ప్రొడక్ట్ ఓనరే చెప్పాలి. రోజూ ఇలాగే ఉంటే మీది సపోర్ట్ టీమ్. స్ప్రింట్లు వదిలేసి కాన్‌బాన్ (విడతలు లేకుండా, ఒకేసారి నడిచే పనులకు హద్దు పెట్టే పద్ధతి) పట్టుకోండి, తప్పేం కాదు.

సమస్య: తేదీ, ఫీచర్లు, ఖర్చు మూడూ కాంట్రాక్టులో ముందే ఖాయం

దీనికి టీమ్ స్థాయిలో పూర్తి మందు లేదు. ఫీచర్ల వరసైనా మీ చేతిలో ఉంచుకుని, రిస్క్ ఎక్కువున్నవి ముందు కట్టి, 2 వారాలకోసారి నడిచే సాఫ్ట్‌వేర్ చూపించండి. జాబితాలో ఏది అనవసరమో కస్టమర్ నోటివెంటే వస్తుంది, అప్పుడు బేరం మొదలుపెట్టవచ్చు. డెమోకి ఆయన రాకపోతే వీడియో తీసి పంపి ఊరుకోకండి. తేదీ మార్చి మళ్లీ పిలవండి.