కాలికి దెబ్బ తగిలితే పక్కన ఒక బాల్‌పెన్ పెట్టుకోండి

నాట్ల టైంలో మా వరంగల్ పక్క ఊర్లలో కాళ్ళకు దెబ్బలు మామూలే, మక్క కొయ్య గుచ్చుకున్నా సీసా పెంకు కోసుకున్నా ఇంత పసుపు అద్ది మళ్ళీ బురదలోకి దిగుతారు. మా బాపు కూడా అంతే చేశాడు. మూడో రోజుకు పాదం ఉబ్బి చెప్పు పట్టలేదు.

మొదట చేయాల్సింది కడగడం. ధారగా పడే నీళ్ళ కింద సబ్బుతో, మట్టి మొత్తం పోయేదాకా. పసుపు, కాఫీపొడి, పేడ ఏవీ పెట్టకండి. ధనుర్వాతం తెచ్చే బ్యాక్టీరియా ఉండేదే మట్టిలో, పేడలో, గాలి తగలని లోతు గాయంలో అది బాగా పెరుగుతుంది. టీటీ (ధనుర్వాతం రాకుండా వేసే సూది) ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు లేకపోతే ఆ రోజే దవాఖానకు వెళ్ళి అడగండి (ఇప్పుడు దాని బదులు ధనుర్వాతంతో పాటు డిఫ్తీరియాకు కూడా పనిచేసే టీడీ ఇస్తున్నారు).

గాయం చుట్టూ వచ్చే ఎరుపు, వేడి, వాపు మన ఒళ్ళు చేసే పనే. క్రిములు చర్మం దాటగానే అక్కడి రక్తనాళాలు వెడల్పయి రక్తం ఎక్కువగా చేరుతుంది, నాళాల్లోంచి నీరు, తెల్లకణాలు బయటికి ఊరతాయి. చీములో ఉండేది ఎక్కువగా ఆ చచ్చిన తెల్లకణాలే. కొంచెం ఎర్రబడి ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతే టెన్షన్ వద్దు, కానీ పెరుగుతోందో తగ్గుతోందో వట్టి కంటికి అంత తేలిగ్గా తెలియదు. అందుకే ఎరుపు అంచు వెంబడి పెన్నుతో గీత గీసి పక్కన టైం రాయండి. ఎండకు నల్లబడ్డ కాళ్ళ మీద ఎరుపు సరిగ్గా కనబడదు కాబట్టి చేతి వెనకవైపు ఆనించి వేడి ఎక్కడిదాకా ఉందో చూసి అక్కడ గీయండి. బాపు పాదం మీద పొద్దున ఏడింటికి గీశాను. మధ్యాహ్నం అన్నాల వేళకు వాపు, వేడి గీత దాటి రెండు వేళ్ళ మందం పైకి పాకాయి. అప్పటిదాకా "ఏం కాదు బిడ్డా, నొప్పే లేదు" అన్న మనిషి ఆ గీత చూసి లేచి అంగీ వేసుకున్నాడు.

గీత దాటినా, కాలి మీద ఎర్ర చార పైకి ఎక్కినా, గజ్జల్లో బిళ్ళ కట్టినా, చలిజ్వరం వచ్చినా అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. బిళ్ళ కట్టిందంటే క్రిములు గాయం దగ్గర ఆగకుండా గజ్జల దాకా వచ్చి ఉండొచ్చు. ఇక ఆయాసం, తికమక మాటలు, ఒంటేలు తగ్గడం, చేతులు చల్లబడటం కనిపిస్తే ఒళ్ళంతా దెబ్బతింటున్నట్టే, వెంటనే 108కి ఫోన్ చేయండి. మెడికల్ షాపులో రెండు గోళీలు అడిగి తెచ్చుకోవద్దు, డాక్టర్ రాసిన యాంటీబయాటిక్ మాత్రం నొప్పి తగ్గింది కదా అని మధ్యలో ఆపొద్దు.

బాపుకు నొప్పి ఎందుకు లేదో రక్తపరీక్షలో తేలింది. షుగర్. నరాలు మొద్దుబారి కొయ్య గుచ్చుకున్న నొప్పి కూడా ఆయనకు తెలియలేదు. ఇప్పుడు రోజూ రాత్రి కాళ్ళు కడిగాక అరికాళ్ళ కింద అద్దం పెట్టి, వేళ్ళ సందులు విడదీసి చూస్తున్నాం.