కారు కిందికి దూరే ముందు

మొన్న మృగశిర కార్తె వానలకు మా పక్క ఊళ్లో ఒక కుర్రవాడి మీద కారు పడింది. ప్రాణం దక్కింది గాని పక్కటెముకలు రెండు, భుజం ఎముక ఒకటి విరిగాయి. సెలవుకు ఇంటికి వచ్చినవాడు స్నేహితులతో కలిసి అంతర్వేది వెళ్లాడు. తీరం ఇసుకలో కారు దిగబడింది, కెరటం వచ్చి చక్రాల సగం దాకా తడిపింది. ఇంటికి రాగానే ఆ ఉప్పు కడిగేయాలనుకున్నాడు. ఆ ఆలోచన పూర్తిగా సరైనదే. కొబ్బరితోటలో పశువుల శాల పక్కన కారు ఆపి, డిక్కీలోని జాకీతో ముందు చక్రం లేపి, నీళ్ల పైపు పట్టుకుని కిందికి దూరాడు.

మర్నాడు వెళ్లి చూశాను. జాకీ అడుగు రేకు నాలుగు వేళ్ల లోతున ఒండ్రులోకి దిగి, పక్కకు ఒరిగి ఉంది. దాని చుట్టూ మట్టి పాయసంలా ఉంది. అది వాన తడి కాదు. అతని చేతిలోని పైపు నీళ్లే జాకీ కింది నేలను నానబెట్టాయి.

ముప్పై ఏళ్లుగా అమలాపురం దగ్గర కార్ల షెడ్డు నడుపుతున్నాను. వానలు, వరదలు మొదలయ్యే ముందు అందరూ అడిగేది ఒకటే, కారు అడుగు భాగం కడగాలా, ఎలా కడగాలి అని. చెబుతాను. కానీ మొదట ఈ మాట వినండి. జాకీ మీద ఉన్న కారు కిందికి తల పెట్టవద్దు. భుజం పెట్టవద్దు. చెయ్యి కూడా పెట్టవద్దు.

కడగాలా, అవసరం లేదా

ప్రతి వారం కడగనవసరం లేదు. రాజమహేంద్రవరం, రావులపాలెం వైపు తారురోడ్డు మీద తిరిగే కారుకు వానలకు ముందు ఒకసారి, వానలు వెనకబట్టాక కార్తీకంలో ఒకసారి చాలు. సముద్రం పక్కన తిరిగే కారు సంగతి వేరు. కాకినాడ–ఉప్పాడ రోడ్డు మీద కెరటాలు ఎగిసిపడే రోజుల్లో వెళ్లినా, అంతర్వేది, ఓడలరేవు, పేరుపాలెం తీరాల్లో ఇసుకలోకి దిగినా, ఆ రోజే కడగాలి, లేదంటే మర్నాడైనా కడగాలి. ఉప్పు గాలిలోని తేమను లాక్కుంటుంది. పైకి ఆరినట్టు కనిపించినా ఇనుము మీద తడి నిలిచే ఉంటుంది. ఆ తడిలో ఉప్పు ఉంటే మామూలు నీటి కన్నా ఎన్నో రెట్లు త్వరగా తుప్పు పడుతుంది. బ్రేకు పైపులు, సస్పెన్షన్ బోల్టులు, సైలెన్సర్ ముందుగా పోతాయి.

భీమవరం, నరసాపురం ప్రాంతాల్లో రొయ్యల చెరువుల మధ్య తిరిగేవారు సముద్రం చూడకపోయినా ఇదే లెక్కలోకి వస్తారు. రొయ్యల లారీల నుంచి కారే ఉప్పటి ఐసు నీళ్లు రోడ్డంతా తడిపి, ఎగిరి కారు అడుగునే పడతాయి.

వరద నీరు మరొక సమస్య. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక, అంటే 17.75 అడుగులు, దాటి గోదావరి పొంగినప్పుడు లంక గ్రామాల కార్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఆ నీళ్లలో ఉప్పు లేదు, ఒండ్రు ఉంది. మెత్తటి ఒండ్రు తలుపుల కింది అంచులో ఉండే చిన్న రంధ్రాలను పూడ్చేస్తుంది. లోపల చేరిన నీరు బయటికి రాలేక నెలల తరబడి అక్కడే ఉండి, రేకును లోపలి నుంచి తినేస్తుంది. కడిగేటప్పుడు ఆ రంధ్రాలను కొబ్బరి ఈనె పుల్లతో పొడిచి తెరవండి. నీరు కారడం కనిపించాలి.

ఏ నీళ్లతో

ఈ సంగతి చాలామంది మరిచిపోతారు. సముద్రానికి దగ్గరి మండలాల్లో చాలా చోట్ల బోరునీరు ఉప్పన. ఉప్పు వదిలించడానికి ఉప్పునీళ్లే కొడితే ఏం లాభం? నాలుక మీద ఒక చుక్క వేసుకుంటే తెలిసిపోతుంది. అద్దం మీద చల్లి ఆరనిచ్చినా తెల్లటి మరకలు చెబుతాయి. బోరు ఉప్పగా ఉంటే పంచాయతీ కుళాయి నీళ్లు, లేకపోతే వాననీళ్లు పట్టుకోండి. నాలుగు బిందెల తీపి నీళ్లు నలభై బిందెల ఉప్పునీళ్ల కన్నా మేలు.

కారును కాలువ రేవులోకి దింపవద్దు. ఆ కాలువ నీళ్లే మన మంచినీళ్ల చెరువుల్లోకి వెళతాయి. ఇంజిన్ ఆయిలు, గ్రీజు కలిసిన నీళ్లను మన పిల్లలకు మనమే తాగించినట్టవుతుంది. పైగా రేవు మెట్ల పాచి మీద చక్రం జారితే ఆపేవారుండరు.

కడగడానికి నిజానికి కిందికి దూరవలసిన పని లేదు. కారు నాలుగు చక్రాల మీద నిలబడి ఉండగానే, పొడుగాటి వంపు గొట్టం ఉన్న పైపుతో పక్కల నుంచి కొట్టవచ్చు. స్టీరింగు ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు పూర్తిగా తిప్పి చక్రాల గూళ్లలో కొడితే మట్టి పెళ్లలుగా ఊడిపడుతుంది. తోటకు నీళ్లు పెట్టే చిల్లుల పైపును కారు కింద పరిచి అరగంట వదిలేసినా ఉప్పు చాలా వరకు పోతుంది. ఇంకా బాగా కావాలంటే లిఫ్టు ఉన్న వాటర్ సర్వీసింగ్‌కు తీసుకువెళ్లండి. ఆ డబ్బులు ఆదా చేయాలని చూసి మనిషిని పోగొట్టుకున్న ఇల్లు నాకు తెలుసు.

జాకీ

ఇరవై ఏళ్ల క్రితం ఒక టాక్సీ డ్రైవరు కాలువ గట్టు మీద బండి ఆపి, వేలాడుతున్న సైలెన్సర్ క్లాంపు బిగించడానికి కిందికి దూరాడు. "రెండు నిమిషాల పని" అని టీ కొట్టు వాళ్లతో చెప్పి మరీ దూరాడట. నేను జాకీ పట్టుకుని పరిగెత్తేసరికి ఆలస్యమైపోయింది. ఆ తరువాత ఎవరు నా ముందు "రెండు నిమిషాల పని" అన్నా నాకు కోపం వస్తుంది.

కారుతో ఇచ్చే జాకీ చక్రం మార్చడానికి మాత్రమే. కారుతో వచ్చే పుస్తకంలోనూ అదే ఉంటుంది. అరచేయంత రేకు మీద రెండు మూడు వందల కిలోల బరువు మోపుతున్నాం. మనది రాతి నేల కాదు. గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు. ఎండాకాలంలో రాయిలా కనిపించే నేల ఒక్క వానకు మెత్తబడుతుంది. పైన పొర ఆరినా కింద బురదే ఉంటుంది.

వరదకు భయపడి ఇళ్లు ఎత్తు మీద కట్టుకుంటాం కాబట్టి ఇంటి ముందు నిటారు వాలు ఉంటుంది. ఆ వాలు మీద ముక్కు పైకి పెట్టి కారు ఆపి, కింద ఖాళీ దొరికిందని దూరేవారు ఉన్నారు. చాలా కార్లలో హ్యాండ్ బ్రేకు వెనుక చక్రాలనే పడుతుంది. వెనుక చక్రాలు నేల విడిచాయా, ఆ బ్రేకు ఉన్నా లేనట్టే.

తప్పనిసరిగా దూరాలా? అయితే సిమెంటు గచ్చు మీద, సమంగా ఉన్న చోట, బరువుకు తగిన ఇనుప స్టాండ్లు రెండు వైపులా పెట్టి, కారును వాటి మీదికి దించి, భుజంతో గట్టిగా తోసి చూసి, అప్పుడు దూరండి. స్టాండ్లు లేవా, దూరవద్దు.

ఇటుకల మీద కారు నిలపవద్దు. ఇటుక పగిలే ముందు చెప్పదు.
సిమెంటు బోలు దిమ్మెలూ అంతే.
గుండ్రటి కొబ్బరి మొద్దును చక్రానికి అడ్డు పెట్టవద్దు, దొర్లిపోతుంది. ముక్కోణంగా కోసిన చెక్క పెట్టండి.
మొదటి గేరులో ఉంచండి. తాళంచెవి మీ జేబులో ఉండాలి. లోపల పిల్లలు ఉండకూడదు.
ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు ఈ పని పెట్టుకోవద్దు.
తడి నేల మీద ఉత్త కాళ్లతో నిలబడి ప్రెషర్ మోటారు ప్లగ్గు ముట్టుకోవద్దు. చెప్పులు, ఎర్తింగు, షాకు కొడితే కరెంటు ఆపేసే స్విచ్చి, మూడూ ఉండాలి.
ప్రెషర్ గన్ను అడుగు దూరం నుంచే కొట్టండి. కారు అడుగున ఉండే రబ్బరు తొడుగుల (బూట్ల) మీద, వైర్ల కనెక్టర్ల మీద, రేడియేటరు మీద కొట్టవద్దు.
సైలెన్సర్ వేడిగా ఉండగా నీళ్లు పోయవద్దు.
కోతల కాలంలో రోడ్డు మీద ఆరబోసిన వరిగడ్డి మీదుగా వచ్చారా, ఆగి, వంగి చూడండి. సైలెన్సర్‌కు చుట్టుకున్న గడ్డికి నిప్పు అంటుకుంటుంది. చెయ్యి పెట్టి లాగవద్దు, కర్రతో లాగండి. వరద తరువాత పాములు కూడా అక్కడే చేరతాయి.
కడిగాక డీజిల్, పాత ఇంజిన్ ఆయిలు కొట్టే అలవాటు మానండి. రబ్బరు బుష్‌లు ఉబ్బి పాడవుతాయి, దుమ్ము అతుక్కుంటుంది, నిప్పు భయం ఉంటుంది.
తడి మీద, తుప్పు మీద కోటింగు వేయించవద్దు. లోపల తుప్పు తిరుగుతూనే ఉంటుంది, మీకు కనిపించదు.
వరదలో మునిగిన కారును స్టార్ట్ చేయవద్దు. ఒక్కసారి కూడా చేయవద్దు. గేరు ఆయిలు పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే నీరు చేరినట్టే.
కరెంటు కారు నీళ్లలో మునిగితే నారింజ రంగు వైర్ల జోలికి పోవద్దు. కంపెనీ వాళ్లు వచ్చే దాకా దూరంగా ఉండండి.
కడగడం అయ్యాక మెల్లగా నడుపుతూ నాలుగైదు సార్లు బ్రేకు వేసి ఆరబెట్టుకోండి.
జాకీ మీద ఉన్న కారు కిందికి తల పెట్టవద్దు. మీ నాన్నగారు ముప్పై ఏళ్లు అలాగే చేశారని నాకు చెప్పవద్దు.

అయినా కారు ఎవరి మీదైనా పడితే, పదిమంది చేరి చేతులతో ఎత్తి మళ్లీ జారవిడవవద్దు. ఒకరు 108కి ఫోను చేయాలి. మరొకరు ఇంకో జాకీ తేవాలి. దాని కింద వెడల్పాటి చెక్క వేసి కొద్దికొద్దిగా లేపుతూ, లేచినంత మేర దుంగలు దోపుతూ ఉండాలి. మనిషిని లాగేటప్పుడు మెడ, వెన్ను కదలకుండా చూడాలి.

ఆ కుర్రవాడు అలాగే బతికాడు. తల్లి కేక విని పక్క చేలో ట్రాక్టరు నడుపుతున్న ఆయన పెద్ద జాకీ తెచ్చాడు. దాని కింద వేయడానికి ఒక మందపాటి టేకు చెక్క దొరికింది. ఆ చెక్క అంతకు ముందు నుంచీ అక్కడే, పశువుల శాల గోడకు ఆనించి ఉంది.