బడ్జెట్ లెక్కలు, 5వ పాఠం: వందకు 86 పైసలు

ఈ వారం జీఎస్టీ మొదలుపెడదాం అన్నాను. కుదరదు. పోయిన పాఠం లెక్కలో చాలామంది బోల్తా పడ్డారు, ముందు అది తేల్చాలి.

2025 ఫిబ్రవరి బడ్జెట్లో నిర్మలా సీతారామన్ ఆదాయపు పన్ను కొత్త విధానంలో 12 లక్షల ఆదాయం దాకా పన్ను లేకుండా చేశారు. ప్రత్యక్ష పన్నుల్లో దాదాపు లక్ష కోట్లు వదులుకుంటున్నామనీ చెప్పారు. ఇందులో తెలంగాణకు పడే గండి ఎంత అని అడిగితే, ఎక్కువమంది 41,000 కోట్లు అని రాశారు. అది 28 రాష్ట్రాలదీ కలిపి! కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటా తేల్చేది ఆర్థిక సంఘం. 2025-26 దాకా నడిచిన 15వ ఆర్థిక సంఘం లెక్కన పంచాల్సిన పన్నుల్లో 41 శాతం రాష్ట్రాలన్నిటికీ, ఆ 41లో మనకు 2.102 శాతం. రెండో మెట్టు ఎక్కకుండానే దిగిపోయారు.

నేను రెండుసార్లు గుణించను. ఆ లెక్కన ప్రతి వంద రూపాయల పన్నులో మనకు 86 పైసలు అని గుర్తు పెట్టుకుంటాను. లక్ష కోట్లకు సుమారు 860 కోట్లు, అంతే.

ఇక నాకు ఒళ్లు మండే వాదన ఒకటుంది. పన్ను లెక్కకు వచ్చే ఆదాయం 12 లక్షలు దాటని హనుమకొండ ఉద్యోగికి ఆ ఏడాది 80,000 దాకా మిగిలింది. ఆ డబ్బుతో చౌరస్తాలో 35,400 పెట్టి ఫ్రిజ్ కొన్నాడు. అందులో జీఎస్టీ 5,400. సగం, అంటే 2,700, నేరుగా రాష్ట్రానికి. అదే 80,000 పన్నుగా కట్టి ఉంటే మన రాష్ట్రానికి దక్కేది 688 రూపాయలే. "చూశారా సార్, పన్ను తగ్గిస్తేనే రాష్ట్రానికి లాభం" అని ఒకాయన రాశారు. అంకెలన్నీ సరైనవే, తప్పు వాటిని పక్కపక్కన పెట్టడంలో ఉంది. ఆ 688 ఒక్క హనుమకొండ ఇంటిది. ముంబైలో, సూరత్‌లో మిగుల్చుకున్న ప్రతి 80,000 నుంచి కూడా మనకు 688 పోయింది, కానీ వాళ్ల ఫ్రిజ్ మీద రాష్ట్ర జీఎస్టీ మహారాష్ట్రకో గుజరాత్‌కో వెళ్తుంది. పైగా అందరూ ఫ్రిజ్ కొనరు. మా ఇంట్లో మిగిలింది హోమ్ లోన్ ఈఎంఐకి పోయింది, దాని మీద రాష్ట్రానికి పైసా రాలేదు. పోయేది దేశమంతటి ఇళ్ల నుంచి, వచ్చేది మన ఊళ్లో కొన్నదాని నుంచి. రెండు వైపులా ఇళ్ల లెక్క ఒకటి కాదు.

పన్ను మీద వేసే 4 శాతం ఆరోగ్య, విద్యా సెస్సును ఇందులో కలపకండి. పేరు చూసి వరంగల్‌లోని ఎంజీఎం సర్కారు ఆస్పత్రికి వాటాగా వస్తుందనుకుంటారు. సెస్సు రాష్ట్రాలకు పంచేది కాదు.

అభ్యాసం. రాష్ట్ర బడ్జెట్ పద్దులు తెరవండి. ఆ 860 కోట్లు మీరే కోయాలి. జీతాలు, పెన్షన్లు, వడ్డీలు ముట్టుకోవద్దు, కొత్త అప్పూ వద్దు. ఎంజీఎం మందులా, కాకతీయ యూనివర్సిటీ గ్రాంటా, ఆడవాళ్ల ఉచిత బస్సుకు ఆర్టీసీకి కట్టే సొమ్మా? పద్దు నంబరుతో సహా రాయండి. అంచనాల గడి కాదు, రెండేళ్ల కిందటి వాస్తవ ఖర్చు గడి చూసి రాయాలి. "దుబారా తగ్గిస్తాం" అని రాస్తే సున్నా మార్కులు.