రెడ్ అలర్ట్ 2 రీమాస్టర్ కోసం ఎదురుచూస్తున్నారా? ఈలోపు చేసుకోవాల్సిన పనులు

మా బావ న్యూజెర్సీలో ఉంటాడు. ఏటా జూన్‌లో, గేమ్ కంపెనీలు వరసబెట్టి ప్రకటనలు చేసే రోజుల్లో, అర్ధరాత్రి నాకో మెసేజ్ పెడతాడు: "ఏరా, మనదేమైనా వచ్చిందా?" మనది అంటే రెడ్ అలర్ట్ 2 రీమాస్టర్, అంటే 2000 నాటి ఆ యుద్ధ వ్యూహాల కంప్యూటర్ గేమ్‌ని కొత్త బొమ్మలతో మళ్లీ ఇవ్వడం. "రాలేదు బావా" అని కొట్టి పడుకుంటాను. మొదటి రెడ్ అలర్ట్‌కు 2020లో రీమాస్టర్ వచ్చినప్పటి నుంచి ఇదే తంతు. మొన్న సంక్రాంతికి ఖమ్మం వచ్చినప్పుడు ఇద్దరం కూర్చుని తేల్చుకున్నాం. వచ్చినప్పుడు వస్తుంది, ఈలోపు ఉన్నదాన్నే సరిగ్గా పెట్టుకుని ఆడదాం అని. అదంతా సెట్ చేసుకోవడానికి మాకు మూడు రోజులు పట్టింది. ఇది చదివి చేస్తే మీకు ఒక సాయంత్రం చాలు.

ముందు ఒక మాట. మీరు ఎదురుచూసేది ఇప్పటికే వచ్చేసిందేమో చూసుకోండి. నవ్వకండి, మా ఆఫీసులో ఒకాయన ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 కొత్తగా ఎప్పుడొస్తుందో అని మొన్నటిదాకా అడుగుతూనే ఉన్నాడు. దాని డెఫినిటివ్ ఎడిషన్ 2019 నవంబర్‌లోనే వచ్చింది. స్టార్‌క్రాఫ్ట్ 2017లో, ఏజ్ ఆఫ్ మిథాలజీ 2024లో, స్ట్రాంగ్‌హోల్డ్ 2023లో కొత్త రూపంలో వచ్చేశాయి. రెడ్ అలర్ట్ గేములు కమాండ్ అండ్ కాంకర్ అనే వరసలోవే; ఆ వరస మొదటి భాగం, మొదటి రెడ్ అలర్ట్ కలిపి 2020 జూన్‌లో ఇచ్చారు. మీది వీటిలో ఏదైనా అయితే కొనుక్కుని ఆడుకోండి, నాతో పనిలేదు. రెడ్ అలర్ట్ 2 వాళ్లు మాత్రం ఆగండి.

పాత సీడీ ఉంది కదా అని అటక ఎక్కకండి. ఆ కాలపు చాలా గేమ్ సీడీల మీద ఉండే కాపీ రక్షణను విండోస్ 10 నుంచి అసలు నడవనివ్వడం లేదు. అది ఒరిజినల్ సీడీల సంగతి. ఇక మనలో చాలామంది దగ్గర ఉన్నవి ఒరిజినల్ కావని మనకూ తెలుసు. 2003లో వైరా రోడ్డులో ఒక నెట్ సెంటర్‌కి వెళ్లేవాళ్లం, గంటకు 15 రూపాయలు. అక్కడ రెడ్ అలర్ట్ 2 కొత్తగా వేశారని తెలిసి నేనూ బావా పరిగెత్తాం. ఆట మొదలైంది, బేస్‌గా మారే బండిని పరిచాను, పవర్ ప్లాంట్ పెడదామనేలోపు నావన్నీ ఒక్కసారిగా పేలిపోయాయి. అర నిమిషం కూడా కాలేదు. బావే ఏదో చేశాడని వాడితో గొడవ. రెండోసారి ఇద్దరివీ పేలాయి. సెంటర్ ఓనర్ వచ్చి చూసి, సీపీయూ వేడెక్కిందని మూత తీసి టేబుల్ ఫ్యాన్ పెట్టాడు. మూడోసారీ అంతే. అది వేడి కాదని, దొంగ కాపీని పట్టుకుంటే బేస్‌ని పేల్చేసేలా, గేమ్ తయారుచేసిన వెస్ట్‌వుడ్ స్టూడియో వాళ్లే పెట్టిన ఏర్పాటని పదేళ్ల తర్వాత ఎక్కడో చదివాను. ఆ రోజు ఫ్యాన్ గాలికి కట్టిన 45 రూపాయలు ఇప్పటికీ గుర్తు.

కాబట్టి కొనండి. 2024 మార్చి నుంచి, కంప్యూటర్ గేములు అమ్మే స్టీమ్‌లో కమాండ్ అండ్ కాంకర్ అల్టిమేట్ కలెక్షన్ ఉంది. రెడ్ అలర్ట్ 2, దాని తర్వాతి యూరీస్ రివెంజ్ రెండూ అందులో వస్తాయి. సేల్ పెట్టినప్పుడు ధర బాగా తగ్గుతుంది, విష్‌లిస్ట్‌లో వేసుకుంటే స్టీమే కబురు పంపుతుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు వీలైతే సీ డ్రైవ్‌లోని ప్రోగ్రామ్ ఫైల్స్‌లో కాకుండా డీ డ్రైవ్‌లో వేరే స్టీమ్ లైబ్రరీ చేసుకుని అందులో పెట్టండి. పాత గేములు తమ సెట్టింగ్స్ ఫైల్‌ని తమ ఫోల్డర్‌లోనే రాసుకుంటాయి, ప్రోగ్రామ్ ఫైల్స్‌లో విండోస్ అందుకు అడ్డుపడవచ్చు. అక్కడ పెట్టి, మార్చిన రెజల్యూషన్ ప్రతిసారీ పాతదైపోతుంటే బావ అరగంట తల పట్టుకున్నాడు.

ఒకసారి ఓపెన్ చేసి చూడండి. బాగానే నడిస్తే ఏమీ ముట్టుకోవద్దు. నా లాప్‌టాప్‌లో మెనూ నత్తలా కదిలింది, బావ దాంట్లో శబ్దం వస్తోంది కానీ తెర నల్లగా ఉంది. కారణం ఒకటే. 2000 సంవత్సరంలో బొమ్మలు గీయడానికి వాడిన డైరెక్ట్‌డ్రా పద్ధతి ఇప్పటి విండోస్‌కు అంతగా పడదు. దానికి మందు సీఎన్‌సీ-డీడ్రా అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్. దాని ఫైల్స్‌ని గేమ్ ఫోల్డర్‌లో వేస్తే చాలు, పాత పిలుపుల్ని కొత్త గ్రాఫిక్స్ కార్డుకు అర్థమయ్యే భాషలోకి అదే మారుస్తుంది. గిట్‌హబ్‌లో దాని సొంత పేజీ నుంచే దించుకోండి. నేను తొందరపడి, గూగుల్‌లో ముందు కనిపించిన ఏదో సైట్ నుంచి దించితే గేమ్ రాలేదు గానీ బ్రౌజర్ నిండా పేకాట ప్రకటనలొచ్చాయి.

దానితోపాటు వచ్చే కాన్ఫిగ్ ప్రోగ్రామ్‌లో ఫుల్ స్క్రీన్, ఆకారం చెడకుండా ఉంచే ఆప్షన్ రెండూ పెట్టుకోండి. రెజల్యూషన్ దగ్గర మాత్రం ఆశపడకండి. మన స్క్రీన్ 1920 కదా అని గేమ్‌నీ 1920కి పెడితే మ్యాప్ సగం ఒకేసారి కనిపిస్తుంది, నిజమే. కానీ ఈ బొమ్మలు 800 బై 600 రోజుల్లో గీసినవి. కాన్‌స్క్రిప్ట్ సిపాయి బియ్యంలో పురుగులా ఉంటాడు, కుక్క ఏదో ఇంజనీర్ ఏదో తెలియదు. తెలిసేలోపు కుక్క ఇంజనీర్‌ని తినేసి ఉంటుంది. నేను 1280 బై 720 పెట్టి, దాన్నే తెర నిండా సాగదీసుకుంటాను. బొమ్మ కాస్త మొరటుగా ఉంటుంది, అదే బాగుంటుంది.

స్పీడ్ స్లైడర్ ఇంకో చిక్కు. అప్పటి కంప్యూటర్లలో కుడి చివర పెట్టినా ఏడెనిమిది ట్యాంకులు కనిపించగానే ఆట తనంతట తానే నెమ్మదించేది. ఇప్పుడు నెమ్మదించదు. చివరికి జరిపితే పరుగో పరుగు. రెండు మెట్లు వెనక్కి లాగండి. వయసు కూడా పెరిగింది మరి.

చేతికి మళ్లీ అలవాటు చేసుకోవాల్సిన కీలు నాలుగైదే. బండిని పరచడానికి డీ. బేస్‌కి తిరిగి రావడానికి హెచ్. ఒక ట్యాంకును పట్టుకుని టీ నొక్కితే తెర మీదున్న ఆ రకం ట్యాంకులన్నీ చేతికొస్తాయి. ఎక్స్ నొక్కితే అందరూ చెల్లాచెదురవుతారు, బాంబులా పేలే డెమాలిషన్ ట్రక్కు మీదికి వస్తున్నప్పుడు ఇదొక్కటే దిక్కు. నెట్ సెంటర్‌లో ఈ కీలు మాలో ఎవరికీ తెలియవు. మౌస్‌తో ఒక్కొక్క ట్యాంకునే పట్టుకుని లాక్కెళ్లేవాళ్లం. టీ సంగతి బావకు సంక్రాంతి రోజు చెబితే, ఇరవై ఏళ్లు దాచిపెట్టానన్నట్టు చూశాడు.

ఇక అసలు పని, దూరంగా ఉన్న ఇద్దరు కలిసి ఆడటం. అప్పట్లో లాన్‌లో ఆడటానికి ఈ గేమ్ ఐపీఎక్స్ అనే పద్ధతి వాడేది. విస్టా నుంచి విండోస్‌లో అది లేదు. అందుకే రెండు లాప్‌టాప్‌లను కేబుల్‌తో కలిపినా ఒకదానికొకటి కనిపించవు. మొదటి రోజంతా ఇక్కడే పోయింది మాకు. దానికి సీఎన్‌సీనెట్ ఉంది. ఫ్యాన్స్ నడుపుతున్నదే, ఉచితం. కాకపోతే మీ దగ్గర గేమ్ ఉండాలి. దాని యూరీస్ రివెంజ్ క్లయింట్‌ను, అంటే ఆట నడిపే ప్రోగ్రామ్‌ను వేసి, ఒక పేరు పెట్టుకుని, లాబీలో గది తెరిచి అవతలివాళ్లను రమ్మనాలి. బొమ్మ సరిగా రాకపోతే అందులోనే సెట్టింగ్స్‌లో రెండరర్, అంటే బొమ్మ గీసే పద్ధతి, మార్చుకోవచ్చు.

గది తెరిచేటప్పుడు టన్నెల్ సర్వర్, అంటే ఇద్దరి మధ్య డేటా చేరవేసే కంప్యూటర్, ఎంచుకోమంటుంది. నాకు దగ్గరగా ఉన్నది బావకు దూరం, వాడికి దగ్గరది నాకు దూరం. యూరప్‌లో ఉన్న ఒకదాన్ని పెట్టుకున్నాక ఇద్దరికీ సర్దుకుంది. మీరూ అలా ఒకటి రెండు మార్చి చూడండి. ఈ గేమ్‌కి డేటా పెద్దగా అక్కర్లేదు. ప్రతి కంప్యూటరూ మొత్తం యుద్ధాన్ని తనలో తాను లెక్కేసుకుంటుంది, నెట్ మీద పోయేది మనం ఇచ్చిన ఆజ్ఞలే. అందుకే వేగం కన్నా నిలకడ ముఖ్యం. ఒకరి నెట్ ఆగితే అందరూ ఆగుతారు. వైఫై వద్దు, కేబుల్ పెట్టండి.

ఆ లెక్కలోంచే ఇంకో గండం. రెండు కంప్యూటర్లూ ఒకే లెక్క చేయాలంటే ఇద్దరి ఫైల్సూ ఒకేలా ఉండాలి. నేను ఎప్పుడో సరదాకి ట్యాంకుల ధర తగ్గించే మార్పు ఒకటి వేసి మరిచిపోయాను. ఆట మొదలైన పది నిమిషాలకు రీకనెక్షన్ ఎర్రర్. మళ్లీ మొదలుపెట్టాం, మళ్లీ అదే. "మీ నెట్ బాగోలేదురా" అని బావ, "మీ న్యూజెర్సీ నెట్టే బాగోలేదు" అని నేను. రెండు గంటలు అలా గడిచాక నా ఫోల్డర్ చూసుకుని, ఏమీ అనకుండా, శుభ్రంగా మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను. బావకు ఇది చదివాకే తెలుస్తుంది.

గదిలో సూపర్ వెపన్స్, క్రేట్స్ (మ్యాప్ మీద దొరికే బహుమతి పెట్టెలు) రెండూ తీసేయమని నా సలహా. అణుబాంబు కోసం పది నిమిషాలు గోడలు కట్టుకుని కూర్చునేవాడితో ఆడటంలో మజా లేదు. మా టైమ్ శనివారం మన రాత్రి ఏడున్నర. బావకు ఎండాకాలంలో ఉదయం పది, చలికాలంలో తొమ్మిది.

ఇంత చేశాక కూడా రీమాస్టర్ ఆశ చావదు, తెలుసు. అయితే ఆశ పడటానికీ ఒక పద్ధతి ఉంది. ఇది రాసేనాటికి రెడ్ అలర్ట్ 2 రీమాస్టర్ గురించి అధికారిక ప్రకటన లేదు. 2025 ఫిబ్రవరిలో, ఈ గేముల హక్కులున్న ఈఏ కంపెనీ కొన్ని పాత గేముల సోర్స్ కోడ్ విడుదల చేసింది. మొదటి కమాండ్ అండ్ కాంకర్, రెడ్ అలర్ట్, రెనెగేడ్, జనరల్స్‌తో పాటు జీరో అవర్. ఆ జాబితాలో టైబీరియన్ సన్ లేదు, రెడ్ అలర్ట్ 2 లేదు. బావకు ఆ వార్త పంపితే మనది ఎందుకు లేదని నన్నడిగాడు, నేనేదో ఈఏలో పనిచేస్తున్నట్టు. కాబట్టి యూట్యూబ్‌లో ఎవరైనా "వచ్చేస్తోంది" అని థంబ్‌నెయిల్ పెడితే నొక్కకండి. అలాగని పూర్తిగా వదిలేయనూ వద్దు. 2018 జూన్‌లో కమాండ్ అండ్ కాంకర్ పేరు మీద మొబైల్ గేమ్ ప్రకటించి ఈఏ నానా తిట్లు తింది. అదే ఏడాది నవంబర్‌లో మొదటి రెండు గేముల రీమాస్టర్ ప్రకటించింది.

ఒకరోజు నిజంగా ప్రకటన వచ్చిందనుకోండి. డబ్బు కట్టే ముందు నాలుగు సంగతులు చూడండి. చేసేది ఎవరు? 2020 నాటిది చేసింది పెట్రోగ్లిఫ్, అంటే వెస్ట్‌వుడ్ మూతపడ్డాక అక్కడివాళ్లే లాస్ వేగస్‌లో పెట్టుకున్న స్టూడియో. పాటలు మళ్లీ వాయించింది మొదట కట్టిన ఫ్రాంక్ క్లెపాకీయే. మలేషియాలోని లెమన్ స్కై బొమ్మలు గీసింది. పాత బొమ్మకు, కొత్త బొమ్మకు మారే మీట ఉందా? అందులో స్పేస్ బార్ నొక్కితే చాలు, ఆట మధ్యలోనే 1996కి వెళ్లి రావచ్చు. ఆ మీట పెట్టారంటే పాతదాన్ని దాచుకోవాల్సిన అవసరం వాళ్లకు లేదన్నమాట. మార్పులు చేసుకునేవాళ్లకు తలుపు తెరిచారా? అప్పుడు రెండు గేముల ముఖ్యమైన కోడ్‌నూ, ఎవరైనా మార్చుకుని పంచుకునే వీలిచ్చే జీపీఎల్ లైసెన్స్ కింద ఇచ్చారు.

నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం. పాతది పాతదిలాగే ఉండనిస్తారా? వార్‌క్రాఫ్ట్ 3 రీఫోర్జ్డ్ 2020 జనవరిలో వచ్చినప్పుడు, ముందు చూపించినంత హంగు లేదని కొన్నవాళ్లు మండిపడ్డారు. దానికన్నా పాపం, అది కొననివాళ్ల పాత గేమ్‌నీ కొత్త క్లయింట్‌లోకి లాగేశారు. అడిగినవాళ్లకు డబ్బులైతే వెనక్కి ఇచ్చారు, పాత ఆట మాత్రం ఎవరికీ వెనక్కి రాలేదు. కాబట్టి మీ రెడ్ అలర్ట్ 2 ఫోల్డర్ మొత్తాన్ని, సీఎన్‌సీనెట్ క్లయింట్‌తో సహా, ఇవాళే ఒక పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి పెట్టుకోండి. నాది బీరువాలో, ఇంటి కాగితాల పక్కన ఉంది.

రీమాస్టర్ ఎలా ఉండాలన్న దాని మీద మా ఇద్దరికీ పడదు. బావకు త్రీడీ కావాలట, కెమెరా తిప్పి చూడాలట. నాకు వద్దు. రెడ్ అలర్ట్ 2 అందమంతా ఆ ఏటవాలు చూపులో, మిఠాయి కొట్టు రంగుల్లో ఉంది. బిల్డింగులు గీసిన బొమ్మలు, ట్యాంకులేమో చిన్న చిన్న ఘనాలు పేర్చి కట్టినవి. ఆ రెంటికీ మధ్య అతుకు కనబడుతుంది. టెస్లా కాయిల్‌ని మేం కరెంటు స్తంభం అనేవాళ్లం. అది వెలిగే ముందు ఒక క్షణం జివ్వుమంటుంది చూడండి, అక్కడ ఎంత 4కె వేసినా అభ్యంతరం లేదు. కిరోవ్ అనే యుద్ధ గాలి ఓడ తయారవగానే "కిరోవ్ రిపోర్టింగ్" అనే గొంతు మాత్రం వేరేవాళ్లతో చెప్పిస్తే ఊరుకునేది లేదు. ఆ ఒక్క విషయంలో బావ నావైపే.

ఈ శనివారం మ్యాప్ ఎంచుకునే వంతు వాడిది. తన దేశంగా ఇరాక్ తీసుకుని, రేడియేషన్ చల్లే డెసొలేటర్ సిపాయిలతో నేలంతా పచ్చగా చేయొద్దని ముందే చెప్పాను. "చూద్దాంలే" అన్నాడు. అంటే డెసొలేటర్లను తెస్తాడు.