మందపాటి తెలుగు అక్షరాలకు అరుగుదల తేవడం

తోతాపురి మామిడి సీజన్లో చిత్తూరు మండీ ముందు కట్టే పదడుగుల ఫ్లెక్సీకి, పాత పెట్టె మీద అచ్చేసినట్టుండే అరిగిన అక్షరం బాగా నప్పుతుంది. ఈ తరహా రెడీమేడ్ ఫాంట్లలో చాలావాటికి తెలుగు ఉండదు. టైపు చేస్తే అక్షరాలు వేరే ఫాంటులోకి జారిపోతాయి. రామభద్ర గానీ, అనేక్ తెలుగు ఎక్స్‌ట్రా బోల్డ్ గానీ, ఏదో ఒక మందపాటి తెలుగు ఫాంటు తీసుకుని అరుగుదల మనమే చేసుకోవడం నయం.

పాత ఫొటోషాప్ వెర్షన్లలో ఒత్తులు విడిపోయి కనబడితే ప్రిఫరెన్సెస్‌లో, టైప్ కింద వరల్డ్-రెడీ లేఅవుట్ ఆన్ చేయండి. పెచ్చులూడిన గోడను ఏటవాలు ఎండలో ఫొటో తీసి, థ్రెషోల్డ్‌తో నలుపు తెలుపు చేసి, లేయర్ మాస్క్‌గా (నలుపున్న చోట అక్షరాన్ని దాచే పొరగా) వేయండి. అక్షరంలో పది పదిహేను శాతానికి మించి పోనివ్వొద్దు. అచ్చులో 3 మిల్లీమీటర్లలోపు చుక్కలు రోడ్డు మీదికి దుమ్ములా కనిపిస్తాయి, అంతే. ఫైలు అడుగుకు అంగుళం లెక్కన చేస్తుంటే ఆ కొలత పావు మిల్లీమీటరు.

అసలు చెడేది ఒత్తుల దగ్గర. 'ధర'లో ధ అడుగున్న చిన్న గీత చెరిగిందా, 'దర' అయిపోతుంది! తెల్ల బ్రష్‌తో ఆ గీతలు, తలకట్లు మాస్క్‌లో తిరిగి నింపండి. 'తోతాపురి'లో రెండు త-లకూ ఒకే గీటు ఒకే చోట పడితే దొరికిపోతాం. రెండోదాని దగ్గర టెక్స్చర్‌ను, అంటే ఆ గోడ ఫొటోను, 180 డిగ్రీలు తిప్పండి.

ప్లాటర్‌పై (బ్లేడుతో కోసే యంత్రంపై) స్టిక్కర్ కోయించేదైతే మాత్రం నున్నటి అక్షరమే ఇవ్వండి. అరిగిన అక్షరాన్ని ట్రేస్ చేస్తే (కోత గీతలుగా మారిస్తే) వేల పాయింట్లొస్తాయి, బ్లేడు చిన్న ముక్కల్ని లేపేస్తుంది.