టైటిల్ పేజీ ఊడిపోయిన పాత బైబిల్ ఏ ముద్రణో తేల్చడం ఎలా

పాత బైబిల్ చేతికి రాగానే అందరూ వెతికేది టైటిల్ పేజీ. అట్ట వదులైన పుస్తకంలో ముందు రాలిపోయేదీ అదే. ఉన్నా గుడ్డిగా నమ్మకూడదు. ఇంకో ప్రతి నుంచి తెచ్చి అతికించి ఉండొచ్చు, వేసిన సంవత్సరమే అబద్ధమూ కావచ్చు. అందుకని పని లోపలి పేజీల నుంచి మొదలుపెట్టాలి. ఇక్కడ చెప్పేది ఎక్కువగా ఇంగ్లీషు బైబిళ్ల గురించి. తెలుగు ప్రతుల సంగతి చివర్లో ఉంది.

మిల్లీమీటర్లున్న స్కేలు, చిన్న టార్చి, పెన్సిలు చాలు. పెన్ను దగ్గర ఉంచుకోవద్దు. చేతులు కడుక్కుని బాగా ఆరనివ్వండి. గ్లౌజులు వేసుకుంటే కాగితం వేలికి తెలియక అంచులు చిరుగుతాయి. అట్టల కింద చెరో పక్క చుట్టిన తువ్వాలు పెట్టి, పుస్తకాన్ని సగానికి మించి తెరవకండి.

ముందు కొత్త నిబంధన మొదలయ్యే చోటికి వెళ్లండి. పాత ఇంగ్లీషు బైబిళ్లలో దానికి విడిగా టైటిల్ పేజీ, విడిగా సంవత్సరం ఉంటాయి. పుస్తకం మధ్యలో ఉంటుంది కాబట్టి అది చాలావరకు భద్రంగా మిగులుతుంది. రెండు చోట్లా సంవత్సరాలు కలవకపోతే కంగారు పడొద్దు, భాగాలు వేర్వేరుగా అచ్చయ్యేవి. రెండూ రాసుకోండి. చివరి పేజీ అడుగున అచ్చు వేసినవారి పేరుందేమో కూడా చూడండి.

తర్వాత ఏ అనువాదమో తేల్చాలి. ఆదికాండము 3:7 తీయండి. ఆదాము హవ్వలు ఆకులతో కుట్టుకున్నవి ‘బ్రీచెస్’ అని ఉంటే అది జెనీవా బైబిల్, 1560లో తొలిసారి వచ్చింది. ‘ఏప్రన్స్’ అని ఉంటే 1611లో వచ్చిన కింగ్ జేమ్స్ అనువాదం కావచ్చు, కానీ అంతకు ముందు అనువాదాల్లోనూ ఆ మాట ఉంది కాబట్టి అక్కడితో ఆగకండి.

జెనీవా బైబిల్ మీద 1599 అని కనబడితే ఒక్క క్షణం ఆగాలి. ఆ సంవత్సరం వేసుకున్న ప్రతుల్లో చాలావాటిని తర్వాతి కాలంలో ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చేసి, పాత సంవత్సరాన్నీ లండన్ ముద్రాపకుడి పేరునూ అలాగే ఉంచేశారు. వీటిని పోల్చడానికి 1968లో వచ్చిన హెర్బర్ట్ కేటలాగు, అంటే ఇంగ్లీషు బైబిల్ ముద్రణల జాబితా కావాలి. అందులో ఒక్కో ముద్రణకు ఒక్కో నంబరు ఉంటుంది, అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ ఆ నంబరుతోనే మాట్లాడుకుంటారు.

ఎక్కువ మోసం జరిగేది 1611 కింగ్ జేమ్స్ దగ్గరే. రాబర్ట్ బార్కర్ లండన్‌లో అచ్చేసిన ఆ పెద్ద ఫోలియోలో (అచ్చు కాగితాన్ని ఒక్కసారే మడిచి చేసిన పుస్తకం) రూతు 3:15 చివర ‘హీ’ పట్టణంలోకి వెళ్లినట్టుంటుంది. వెంటనే వచ్చిన రెండో ముద్రణలో ‘షీ’ అని మారింది. అందుకే వీటిని హీ బైబిల్, షీ బైబిల్ అంటారు. ఈ ఒక్క ముక్కతో తీర్పు చెప్పేయకండి. 1617, 1634, 1640 పెద్ద ఫోలియోలను కూడా అదే పేజీ అమరికలో కూర్చారు కాబట్టి, ఒకదానిలో పోయిన ఆకుల స్థానంలో మరోదాని ఆకులు చక్కగా ఇమిడిపోతాయి. ఒకే బైబిల్లో మూడు ముద్రణల ఆకులు కలిసి ఉండొచ్చు. నిండుగా ఉన్న ఒక కాలమ్‌లో వరుసలు లెక్కపెట్టండి: ఈ పెద్ద ఫోలియోలన్నిటిలో 59 వస్తాయి. 72 వస్తే అది 1613లో చిన్న అక్షరాలతో వేసిన ఫోలియో. అసలు ప్రతి గోతిక్ నల్లక్షరాల్లో, అంటే బ్లాక్‌లెటర్ అనే లావాటి కోణాల అక్షరాల్లో ఉంటుంది. 1611 అని వేసి ఉన్న ఫోలియో మామూలు రోమన్ అక్షరాల్లో, పాత స్పెల్లింగులతో ఉంటే ఎవరెన్ని చెప్పినా అది పునర్ముద్రణే. ఆక్స్‌ఫర్డ్ 1833లో పేజీకి పేజీ అలా వేసింది.

కాగితం అబద్ధమాడదు. ఆకు వెనక టార్చి పెడితే సుమారు 25 మిల్లీమీటర్ల ఎడంతో సమాంతర గీతలు కనిపిస్తాయి, చేత్తో కాగితం తీసిన జల్లెడ తీగల గుర్తులవి. గీతలు నిలువుగా ఉండి వాటర్‌మార్క్ (వెలుతురుకు కాగితంలో కనిపించే ముద్ర) ఆకు మధ్యలో ఉంటే ఫోలియో. అడ్డంగా ఉండి వాటర్‌మార్క్ కుట్టు మడతలో సగం దాక్కుంటే క్వార్టో, అంటే కాగితాన్ని రెండుసార్లు మడిచినది. మళ్లీ నిలువుగా ఉండి, అది కుట్టు వైపు పై మూలలో కనిపిస్తే ఆక్టేవో, అంటే మూడుసార్లు మడిచినది. గీతలే లేకుండా కాగితం నున్నగా ఉండి పైన 1611 అని ఉంటే ఇక వాదన అక్కర్లేదు. అలాంటి కాగితం 1750ల తర్వాతే పుస్తకాల్లోకి వచ్చింది.

ఆకులు పోయాయా అన్నది పేజీ అడుగున తెలుస్తుంది. కుడి మూల విడిగా వేసిన మాట తర్వాతి పేజీ మొదటి మాటతో కలవాలి. కలవకపోతే మధ్యలో ఆకు పోయినట్టు, లేదా బైండింగులో తారుమారైనట్టు. అదే వరుసలో ఉండే అక్షరాలు ఫారం గుర్తులు (కలిపి మడిచి కుట్టిన ఆకుల కట్టే ఫారం). వీటిలో ఐ, జెలలో ఒకటి, యు, విలలో ఒకటి మాత్రమే వాడతారు, డబ్ల్యూ ఉండదు, మొత్తం 23. ‘జె ఫారం పోయింది’ అని బేరమాడే కొనుగోలుదారులూ ఉన్నారు!

ఇంకొన్ని గుర్తులు కాలాన్ని కాస్త దగ్గరకు తెస్తాయి. ఆదికాండము పక్కన సృష్టి జరిగిన సంవత్సరంగా క్రీ.పూ. 4004 అని ఉంటే ఆ లెక్కను ప్రచారంలోకి తెచ్చిన 1701 లండన్ ముద్రణ తర్వాతిదని అనుకోవచ్చు. ఎఫ్‌లా కనిపించే పొడుగు ఎస్ 1800 ప్రాంతంలో మాయమైంది. రెండు నిబంధనల మధ్య అపోక్రిఫా (ప్రొటెస్టెంట్లు బైబిల్లో భాగంగా ఒప్పుకోని అదనపు గ్రంథాలు) లేకపోవడం మాత్రం బలహీనమైన ఆధారం. 1826లో బ్రిటిష్ అండ్ ఫారిన్ బైబిల్ సొసైటీ దాన్ని పక్కన పెట్టాక అది అరుదైపోయినా, అంతకు ముందూ లేని ప్రతులున్నాయి.

పుట్టుకలు, పెళ్లిళ్లు రాసుకున్న పేజీ ఉంటే సిరా చూడండి. నలభై ఏళ్ల సంగతులన్నీ ఒకే సిరాతో, ఒకే చేతిరాతలో ఉంటే ఎక్కడి నుంచో ఒక్కసారిగా ఎత్తి రాసినవని అర్థం. పుస్తకం అంతకంటే కొత్తది కావచ్చు.

ఇక తెలుగు బైబిల్. బెంజమిన్ షుల్జ్ 1732 నాటికే అనువాదం చేసినా అది అచ్చు కాలేదు. సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో, కొత్త నిబంధన 1818లో, సంపూర్ణ బైబిల్ 1854లో వచ్చాయి. కాబట్టి ‘మా ముత్తాత గారి 1790 నాటి తెలుగు బైబిల్’ అనేది ఉండదు. అరసున్నలు, బండి ఱ, తెలుగు అంకెలు చూసి మురిసిపోకండి, ఇరవయ్యో శతాబ్దంలోనూ అవి అచ్చులో ఉన్నాయి. టైటిల్ పేజీ వెనక సంవత్సరం పక్కన 10ఎం లాంటి గుర్తుంటే పదివేల ప్రతులని అర్థం. అంతమంది దగ్గర ఉన్న పుస్తకం ధర గురించి వేరే చెప్పక్కర్లేదు.

లైబ్రరీకో నిపుణులకో పంపాలంటే రెండు టైటిల్ పేజీలు, ఆదికాండము మొదటి పేజీ, రూతు 3, చివరి పేజీ, వెనక వెలుతురు పడిన ఒక ఆకు, వీటి ఫోటోలు స్కేలు పక్కన పెట్టి తీయండి. చిరిగిన చోట సెల్లోటేప్ వేయకండి. జిగురు పసుపెక్కి అక్షరాల్లోకి దిగుతుంది, టేపు ఊడినా మరక పోదు. విడిపోయిన ఆకును ఆమ్లం లేని కాగితంలో మడిచి, అదే పుస్తకంలో దాని చోటనే ఉంచండి.