స్కాట్లాండ్ పల్లెల్లో జానపద సంగీతం ఎలా వినాలి?

స్కాట్లాండ్‌లో పల్లె సంగీతానికి చాలాసార్లు టికెట్ ఉండదు. సాయంత్రం ఊరి పబ్బులో ఒక బల్ల చుట్టూ నలుగురైదుగురు చేరి వాయించుకుంటారు. దాన్ని ‘సెషన్’ అంటారు.

ముందు ఊరు ఎంచుకోండి. డంకెల్డ్, ఉల్లాపూల్ మంచి మొదలు. షెట్లాండ్ ఫోక్ ఫెస్టివల్ 1981 నుంచి జరుగుతోంది, కానీ పండగ రోజుల్లో గదులు దొరకడం కష్టం. నన్నడిగితే మామూలు వారంలో వెళ్ళడమే మేలు. సెషన్ ఏ రోజో పబ్బుకు ఫోన్ చేసి కనుక్కోండి. లూయిస్ దీవికి వెళ్తే ఆదివారం లెక్కలోకి తీసుకోకండి, చాలావరకు అన్నీ మూసేస్తారు. నడిచి వెళ్ళేంత దూరంలో బస చూసుకోండి. తాగి బండి నడిపే విషయంలో స్కాట్లాండ్ పరిమితి ఇంగ్లాండ్ కంటే తక్కువ.

లోపలికి వెళ్ళాక ఆ బల్ల చుట్టూ ఉన్న కుర్చీల్లో కూర్చోవద్దు, అవి వాయించేవాళ్ళవి. పక్కన చోటు చూసుకుని ఫిడేలు మనిషిని గమనించండి. కాలితో నేల మీద తాళం వేస్తూ వాయిస్తుంటారు. ఉన్నట్టుండి తలెత్తి ఒక్క చూపు చూస్తారు, అంతే, అందరూ కొత్త వరసలోకి వెళ్ళిపోతారు. రెండు మూడు వరసలు కలిపి ఆపకుండా వాయిస్తారు కాబట్టి మధ్యలో చప్పట్లు కొట్టకండి. ఎవరైనా పాట ఎత్తుకుంటే మాటలు ఆపేయండి. వీడియో తీయాలంటే అడిగి తీయండి.

ఊరి హాల్లో ‘కేలీ’ ఉంటే తప్పకుండా వెళ్ళండి. అక్కడి పాత భాష గేలిక్‌లో ఆ మాటకు మొదట ఒకరింటికి ఒకరు వెళ్ళడమనే అర్థం. ఇప్పుడు డాన్సులే ఎక్కువ. అడుగులు రావని టెన్షన్ వద్దు, చాలాచోట్ల ముందే నేర్పిస్తారు. జారని బూట్లు వేసుకోండి, ‘స్ట్రిప్ ద విల్లో’ అనే డాన్సులో గిరగిరా తిప్పేస్తారు.

ఎవరైనా డ్రింక్ ఇప్పిస్తే తర్వాతి వంతు మీదే. తాగనివాళ్ళు జ్యూస్ అడగొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. శాకాహారులైతే బస ఇచ్చేవాళ్ళకు ముందే చెప్పండి. హాగిస్ అనే అక్కడి వంటకంలో గొర్రె గుండె, కాలేయం ఉంటాయి, శాకాహార హాగిస్ కూడా దొరుకుతుంది.

చివరికి ‘మీ పాట ఒకటి పాడండి’ అని వాళ్ళు మిమ్మల్ని అడగొచ్చు. సిగ్గుపడకుండా ఒక నాట్ల పాట ఎత్తుకోండి. అక్కడా ఇలాంటి పని పాటలున్నాయి. హెబ్రిడీస్ దీవుల్లో ఆడవాళ్ళు బల్ల చుట్టూ కూర్చుని, తడి ఉన్ని గుడ్డను బల్లకేసి బాదుతూ పాడేవారు. ఒకరు చరణం అందుకుంటే మిగతావాళ్ళు వంత పాడేవారు. మన చేలల్లోనూ అలాగే పాడతారని చెప్పి, వంత వాళ్ళకు నేర్పించండి.